ఇల్లు విప్పుట

గోదావరి మండలములలో పెద్దలు వాడు మాట యొకటి గమనింపదగినది. మట్టిగోడ వర్షమునకు నాని పడిపోయినచో "కూలిన"దందురు. రహదారి వెడల్పునకై కొట్టివేసినచో "పడగొట్టి"రందురు. కాని టేకు కలపతో కట్టిన పాత లోగిలిని యజమానుడు తానై తీయించునపుడు మాత్రము "ఇల్లు విప్పుచున్నా"రందురు. ముడిని విప్పుట, మూటను విప్పుట, చిక్కును విప్పుట, కఠినమైన అర్థమును విప్పిచెప్పుట, వీనికన్నింటికిని చెల్లు క్రియయే యింటికిని చెల్లినది. కట్టబడినది విప్పబడవలెనే గాని పగులగొట్టబడరాదను వివేకము ఆ మాటలో నిమిడియున్నది. సంస్కృత పాఠశాలలో కూర్చుండిన బాలురకు ఈ సంగతి వేరొక దారిని తెలియును. దీర్ఘసమాసమునకు విగ్రహవాక్యము చెప్పునపుడు పైకట్టును ముందు విడదీసి, లోపలి కట్టును తరువాత విప్పవలెను. క్రమము తప్పిన విద్యార్థికి పదములు మిగులును గాని అర్థము మిగులదు.

ధవళేశ్వరము దిగువ అఖండ గోదావరి గౌతమిగను వసిష్ఠగను చీలి సముద్రమువైపు సాగును. ఆ పాయల నడుమనున్న కోనసీమయందును, ఇరుప్రక్కలనున్న డెల్టా గ్రామములయందును మండువా లోగిళ్లు వెలసినవి. 1852లో ఆనకట్ట పూర్తియై కాలువల నీరు పొలములకు పారుటతో పంటకు నిలుకడ కలిగెను. పంటవెంట కలిమియు, కలిమివెంట కలపయు వచ్చెను. ఎగువ అడవులలో నరికిన టేకు దుంగలను తెప్పలుగా కట్టి గోదావరిమీద రాజమహేంద్రవరమునకు దింపెడివారు. అచ్చటి అడితీలనుండి కలప కాలువ పడవలపై ఊరూరికి చేరెడిది. నడుమ ఆకాశమునకు తెరచియున్న మండువా, దానిచుట్టు నాలుగు వసారాలు, నాలుగు వాలుల పైకప్పునుండి వాననీరు మండువాలో పడి తూమువెంట పెరటిలోనికి పోవు నేర్పాటు, వీధివైపు అరుగులు, ఇది వాని స్వరూపము. ఆ మండువాలోనే పెండ్లిపీటలు వేసిరి. ఆ మండువాలోనే తద్దినమునాడు భోక్తలకు కాళ్లు కడిగిరి. 1986 ఆగస్టు వరదనాడును, 1996 నవంబరు 6వ తేదీ తుపానునాడును పూరిండ్లవారు తలదాచుకొనుటకు వెదకికొనినది ఇట్టి గట్టి కప్పులనే.

ఆ యిండ్లు నేడు ఒకటొకటిగా విప్పబడుచున్నవి. ఇందుకు ఎవరినో నిందింపవలసిన పనిలేదు. పిల్లలు హైదరాబాదునకో, బెంగుళూరునకో, అమెరికాకో పోయిరి. పెంకు నేయువారు దొరకరు. నేయించని కప్పునుండి కారిన చుక్క ముందు వాసమును, పిదప దూలమును చెరచును. పది గదుల యింటిలో వృద్ధురాలైన తల్లి యొకతె రెండు గదులను మాత్రము ఊడ్చుకొనుచు, తక్కిన తలుపులకు గొళ్లెములు పెట్టుకొని కాలము గడపుచుండును. పాత టేకు వర్తకులు వచ్చి ఇంటినంతను గుత్తగా అడుగుదురు. స్తంభములు నగరములలోని మేడలకును విడిదిగృహములకును అలంకారములై పోవును.

ఇట్టి తరుణమున గీతలోని జీర్ణవస్త్ర దృష్టాంతమును చెప్పి ఓదార్చుట లోకమున పరిపాటి. దృష్టాంతము దేహిని గూర్చినది; దానిని ఇంటికి అంత సులభముగా తొడుగరాదు. వస్త్రమును విడుచుటకు క్షణము చాలును. ఇంటిని విడుచుట ఒక్క క్షణమున జరుగునది కాదు. గౌతమీతీరమునందలి యొక అగ్రహారమున, ఇట్టి యొక కుటుంబమును తలచుకొన్నచో ఆ భేదము తేటపడును.

ఆ యింట ముగ్గురన్నదమ్ములు. యంత్రమును తెప్పించి ఒక్కనాటిలో నేలమట్టము చేసి, స్థలము నమ్మివేయుద మని పెద్దవాని అభిప్రాయము. కలపను వర్తకునకు గుత్త కిత్తు మని రెండవవాడు. నగరమున తాను కట్టుకొను నింటికి స్తంభములు కావలెనని చిన్నవాడు. తల్లి యేమియు పలుకలేదు. చివరకు, యంత్రపు తొండము తగిలినచో దూలములు చీలి వంటచెరకునకు తప్ప పనికిరావని వర్తకుడే చెప్పుటచే, చేతితో విప్పించుటకు ముగ్గురును సమ్మతించిరి. ధర్మము బోధింపలేని దానిని ఒక్కొక్కప్పుడు ధర బోధించును.

మేస్త్రి వచ్చి ఇల్లంతయు కలయజూచి, పని మొదలు పెట్టుటకు ముందు అడిగిన మాట యొక్కటే: "దేవుణ్ణి లేపారా అమ్మగారూ?" దేవతార్చన పెట్టె లేవనిదే అతడు పెంకు ముట్టడు. ఇది అతడు ఏ గ్రంథమునను చదివినది కాదు. కాని ఆలయ జీర్ణోద్ధరణమునందు ఆగమములు విధించినది ఇదియే గదా! గర్భాలయమును ముట్టుటకు ముందు బింబమునందలి కళను ఆకర్షించి బాలాలయమున నిలుపుదురు. తరువాతనే ఉలి సుత్తి లోపలికి వచ్చును. ఆ తల్లి సాలగ్రామపు సంపుటమును, దీపపు సెమ్మెను, పెద్దల పటములను ప్రక్కయింటి గదిలోనికి చేర్చి, అక్కడ దీపము వెలిగించి వచ్చెను. తులసికోటలోని మొక్కను వేరుమన్నుతో సహా తట్టలో నెత్తించెను. అటుపిమ్మట మేస్త్రి నిచ్చెన వేసెను.

మొదట దిగినవి పెంకులు. ఒక వాలున మాత్రమే పెంకులన్నియు తీసివేసినచో రెండవ వాలు బరువునకు కప్పు ఒరగి, నిలువు స్తంభములను త్రోయును. అందుచే ఇద్దరు ఇరువైపుల కూర్చుండి, వెన్నునుండి సమముగా తీయుచు రావలెను. పెంకు చేతినుండి చేతికి దిగును. క్రింద నిలువుగా పేర్చబడును. తరువాత బద్దలు, తరువాత వాసములు, తరువాత వెన్నుదూలము, తరువాత అడ్డదూలములు. పాత వడ్రంగులు దూలమును స్తంభముతో కలిపినచోట ఇనుమునకంటె కొయ్యచీలనే ఎక్కువ నమ్మిరి. చీల ఏ వైపునుండి దిగవేయబడినదో కనిపెట్టి, రెండవ వైపునుండి గూటముతో మెల్లగా తట్టినచో అది తానై వెలికి వచ్చును. తప్పువైపున కొట్టినచో మరింత బిగిసి, చివరకు దూలమునే చీల్చును. చిన్నవాడు ఉత్సాహముతో ఒక వాసమును పట్టి గుంజబోగా మేస్త్రి వారించి, "లాక్కూడదు బాబూ, ఎత్తాలి. బరువు తీసేస్తే అదే వదిలేస్తుంది" అనెను.

కట్టునపుడు మొదట గడప, తరువాత స్తంభము, పిదప దూలము, చివరకు పెంకు. విప్పునపుడు మొదట పెంకు, చివరకు గడప. బ్రహ్మసూత్రములలో రెండవ అధ్యాయము మూడవ పాదమున ఈ విచారమే యున్నది. ఆత్మనుండి ఆకాశము, ఆకాశమునుండి వాయువు, వాయువునుండి అగ్ని, అగ్నినుండి జలము, జలమునుండి పృథివి కలిగెనని శ్రుతి చెప్పినది. మరి లయ మే క్రమమున? పుట్టిన క్రమముననేనా, తలక్రిందులుగనా? విపర్యయ క్రమముననే యని సూత్రకారుడు నిర్ణయించెను. శంకరభగవత్పాదులు అచ్చట మెట్ల దృష్టాంతము చెప్పిరి: ఏ వరుసను మెట్లెక్కినవాడు దానికి ఎదురు వరుసనే దిగును గదా యని. కార్యము ముందు పోయి కారణమున చేరవలెను. కారణము ముందు పోయినచో కార్యము దేనిపై నిలుచును? స్తంభమును ముందు లాగినవాని నెత్తిపై దూలము పడుట ఈ సూత్రమునకు లోకమున కానవచ్చు వ్యాఖ్యానము. వాక్యార్థ సభలలో గంటలకొలది నడచు చర్చను ఆ మేస్త్రి నిచ్చెనమీద ప్రతిదినము అనుష్ఠించుచున్నాడు.

గోడలవద్ద మరియొక విశేషము. గానుగ సున్నముతో కట్టిన ఇటుకలను కొంచెము ఓపికతో తట్టినచో సున్నము రాలిపోయి ఇటుక నిలువున బయటికి వచ్చును. అతుకుసున్నము ఇటుకకంటె మెత్తనిదగుటయే ఇందుకు కారణము. ఆ యింటికే వెనుక భాగమున ఇటీవల సిమెంటుతో కట్టిన స్నానాల గది యొకటి కలదు. దాని నొక్క ఇటుకను కూడ బ్రతికింపలేకపోయిరి. సిమెంటు వదలదు, ఇటుకయే పగులును. సంసారమున కూడ ఈ రెండు విధములైన అతుకులును కానవచ్చును. కలిసియున్నంతకాలము గట్టిగా నిలిపి, విడిపోవలసిననాడు దేనిని పగులనీయని స్నేహము కొందరిది. తాను పట్టిన దానిని ముక్కలు చేసిన గాని వదలని మమకారము కొందరిది. ఈ రెండవదానినే లోకము ప్రేమయని పొగడుట చూడగా వింత తోచును.

మేస్త్రి ప్రతి దూలమునకును స్తంభమునకును సుద్దతో అంకె వేయించెను. కృష్ణా తుంగభద్రల సంగమమున కూడవెల్లి వద్దనుండిన సంగమేశ్వరాలయమును కూడ ఇట్లే కాపాడిరి. చాళుక్యుల కాలమునాటి ఆ గుడి శ్రీశైలము ప్రాజెక్టు జలాశయమున మునుగునని యెంచి, రాతికి రాతికి గుర్తు వేసి విప్పి, అలంపురమునకు చేర్చి, ఆ వరుసలోనే మరల నిలిపిరి. ఇండ్లకును ఇట్టి భాగ్యము అరుదుగా కలుగుచున్నది. చెన్నపట్టణము దక్షిణమున ముట్టుకాడు వద్ద 1996లో ఆరంభమైన దక్షిణచిత్రయందు, దక్షిణదేశపు పాత యిండ్లు కొన్ని విప్పి తెచ్చి తిరిగి కట్టబడినవి. అయినను అంకె వేయబడిన ప్రతి దూలమును మరల తన జతను చేరునను ఆశ లేదు. చాలవరకు ఒక యింటి కలప పది యిండ్ల పాలగుచున్నది.

పాత యింటి కలపను కొత్త యింటికి వాడవచ్చునా యను శంక కొందరిని పీడించును. ఆ కలపవెంట ఆ యింటి కష్టములు కూడ వచ్చునని భయపడుదురు. కలపకు అట్టి జ్ఞాపకము లేదు. దోష మున్నచో అది సంపాదించిన తీరునందున్నది. వరాహమిహిరుడు బృహత్సంహితలో ప్రతిమకొరకు చెట్టు నరుకుటకు ముందు చేయవలసిన దానిని చెప్పుచు, ఆ చెట్టు నాశ్రయించిన భూతములకు బలి సమర్పించి, వేరొక చోటికి తరలుడని ప్రార్థింపవలెనని విధించెను. అడవిలోని చెట్టునకే అంత మర్యాద యున్నపుడు, నాలుగు తరములవారు పుట్టి పెరిగిన కప్పునకు ఎంత యుండవలెను! ఆ యింటి వసారా దూలముపై పిచ్చుకగూడు కానవచ్చెను. లోపల ఇంకను రెక్కలు రాని పిల్లలు. మేస్త్రి ఆ మూలను విడిచి తక్కిన పని సాగించెను. పని ఆలస్యమగుచున్నదని పెద్దవాడు విసుగుకొనెను. "ఎగిరిపోతాయి బాబూ, నాలుగురోజులు" అని మేస్త్రి బదులు చెప్పి, తన పని తాను చేసికొనిపోయెను.

వంటయింటి రోలు పెకలింపబడుటకే ఒక పూట పట్టెను. పొయ్యి, తిరుగలి, చీపురు, రోలు, నీటికుండ, ఈ అయిదింటివద్ద గృహస్థుడు తెలియకయే ప్రాణిహింస చేయుచుండుననియు, ఆ పాపమునకు పంచమహాయజ్ఞములు ప్రాయశ్చిత్తమనియు మనువు చెప్పెను. ఆ రోలు గుంటలో తరతరముల తవుడును చీమల బారులును ఉండెను. తల్లి గుప్పెడు నూకలు తెచ్చి చీమలకు చల్లి, ప్రక్కకు తొలగెను.

అసలు చిక్కు స్తంభములవద్ద వచ్చెను. పదునారు టేకు స్తంభములు నేలపై వరుసగా పరుపబడినవి. ముగ్గురికి అయిదేసి చొప్పున పంచగా ఒకటి మిగిలెను. ఇల్లు చూచుకొన్నవాడను నేనని పెద్దవాడు, పన్ను కట్టినవాడను నేనని రెండవవాడు, స్తంభములు కోరినవాడనే నేనని చిన్నవాడు. ఒక్క కొయ్యకై మాట పెరిగి, తండ్రి వైద్యమునకు ఎవరెంత పెట్టిరో, ఎవరు రాలేదో, అన్నియు బయటికి వచ్చెను. రెండు దినములు పని నిలిచెను. కప్పు లేని గోడలపై మబ్బు క్రమ్మెను. విప్పవలసిన ముడి యెక్కడ నున్నదో అప్పటికి గాని తెలియలేదు. చీల కానవచ్చును గనుక దానిని తట్టవచ్చును. "నాది" యను చీల ఏ వైపునుండి దిగినదో దిగవేసికొన్నవానికే తెలియదు.

భాగవతము చతుర్థస్కంధమున నారదుడు ప్రాచీనబర్హి మహారాజునకు చెప్పిన పురంజనోపాఖ్యానము ఈ చోటనే స్మరింపదగినది. తొమ్మిది వాకిళ్ల పురమున ప్రవేశించిన పురంజనుడు, ఆ పురము తనదే యనుకొని, అందలి భోగములలో తన్ను తాను మరచెను. పురమునకు జర వచ్చి, శత్రువులు చుట్టుముట్టి, కోట శిథిలమగుచున్నను అతని చింత అంతయు నేను పోయినచో నా భార్య యేమగును, నా బిడ్డలేమగుదురు, నా యిల్లేమగు నని. ఆ చింతతోనే దేహమును విడిచి, తలచిన ఆ రూపమునే పొంది, విదర్భరాజు ఇంట స్త్రీగా పుట్టెను. పురము పోయినది గాని ముడి పోలేదు. ఆ కథలో భయంకరమైనది పురము పడుట కాదు. పడుచున్నపుడు కూడ దానిలోనివాడు తన స్నేహితుని, తనతో వచ్చిన అవిజ్ఞాతుని, ఒక్కసారియైనను తలచుకొనకపోవుట.

మూడవనాటి ప్రొద్దున మేస్త్రి తల్లియున్న అరుగువద్దకు వచ్చి నిలుచుండెను. అతని మనుషులు కొందరు పోలవరము ఎగువ మునక గ్రామములలో పనిచేసివచ్చినవారు. పోలవరమువద్ద నదికి అడ్డుకట్ట లేచుటతో దేవీపట్నము ప్రాంతమున వరదనీరు ఊళ్లలోనికి ఎగదన్నగా, అచ్చటి కుటుంబములు తమ యిండ్ల తలుపులను, కిటికీలను, పెంకులను తామే ఊడదీసికొని పునరావాస కాలనీలకు తరలిపోయినవి. వారు విప్పుదమని కోరి విప్పినవారు కారు. నది యిచ్చిన గడువులోపల, చేతికి అందినదానిని విప్పుకొనిరి. "అక్కడ పంచుకోడానికి తగువుల్లేవమ్మగారూ," అనెను మేస్త్రి. "పడవలో ఎంత పడితే అంతే. ఒకాయన ద్వారబంధం వదిలేసి, వాళ్లమ్మ తిరగలి ఎక్కించుకున్నాడు."

తల్లి కొంతసేపు ఊరకుండెను. పిదప కొడుకులను పిలిచి, "లెక్క తప్పింది స్తంభాల్లో కాదురా, మనుషుల్లో. మీరు ముగ్గురెక్కడ? నలుగురు కదా. పదహార్ని నాలుగుతో పంచండి, ఏమన్నా మిగులుతుందేమో చూద్దాం" అనెను.

వారికి ఒక చెల్లెలు కలదు. ఆమె అత్తవారిల్లు గోదావరి ఆవలి గట్టున. ఇల్లు విప్పుచున్నారని ఆమెకు కబురైనను పంపలేదు. పసుపుకుంకుమల క్రింద ఇయ్యవలసినది పెండ్లినాడే ఇచ్చితిమని అనుకొనిరి. శాసనము సంగతి వారెరుగనిది కాదు. ఆంధ్రప్రదేశమున 1986లోను, దేశమంతటికి 2005లోను హిందూ వారసత్వ చట్టమునకు జరిగిన సవరణలు కుమార్తెను వాటాదారుగా గుర్తించినవి. శాస్త్రము సంగతియైనను అట్టిదే. కన్యలైన తోబుట్టువులకు అన్నదమ్ములు తమ తమ భాగములనుండి నాల్గవవంతు తీసి ఇయ్యవలెననియు, ఇయ్యనొల్లనివారు పతితులగుదురనియు మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయము చెప్పుచున్నది. పెండ్లియైనదిగదా, ఆ విధి తీరినదిగదా యని వాదింపవచ్చును. వాదమునకేమి, శాస్త్రములో ఎవనికి కావలసిన పంక్తి వానికి దొరకును. శ్రాద్ధవిధులను అక్షరము పోకుండ జరిపించు గృహములలో విభాగవిధి మాత్రము ఎవరికిని గుర్తుండకపోవుట ఆశ్చర్యము.

పెద్దవాడు తలవంచుకొని లేచి పోయి, చెల్లెలికి తానే ఫోను చేసెను. ఏమి మాటలాడెనో ఎవరును వినలేదు. ఆమె మరునాడు రేవు దాటి వచ్చి, తన వంతు నాలుగు స్తంభములను చూచి, వానిలో మండువా ఈశాన్యమూలనుండిన దానిని చేతితో తడిమెను. చిన్ననాడు ఆ స్తంభమునకు ఉయ్యాల కట్టిన తాటి ఒరిపిడి అందు గాడిగా పడియున్నది. ఆ ఒక్కదానిని ఉంచుకొని, తక్కిన మూడింటిని మూడు కుప్పలలో చేర్చి వెడలిపోయెను. అన్నలలో ఎవరును వలదనలేకపోయిరి, పుచ్చుకొందుమనియు అనలేకపోయిరి. ఆ మూడు స్తంభములు చాలదినములు విడిగా పడియుండి, ఊరి రామాలయపు వసారా కప్పునకు చేరినవి.

పిచ్చుకపిల్లలు ఎగిరిన తరువాత వసారా మూలను కూడ విప్పిరి. గోడలు దిగినవి. ఇటుకలు లెక్కకు పేర్చబడినవి. వంకరపోయిన మేకులను ఒక కుఱ్ఱవాడు రాతిపై తట్టి చక్కజేసి డబ్బాలో వేసెను. చివరకు మిగిలినది సింహద్వారము. ఇరువైపుల గోడలు లేవు, పైన కప్పు లేదు. గడపయు, రెండు నిలువు కమ్ములును, పైకమ్మియు మాత్రము ఆరుబయట నిలిచియుండెను. ఆ ప్రక్కనుండి, ఈ ప్రక్కనుండి, ఎటునుండియైనను రావచ్చును, పోవచ్చును.

ఆనాడు శుక్రవారము. తల్లి ప్రక్కయింటినుండి చెంబుతో నీరు తెచ్చి, గడపను కడిగి, పసుపు రాచి, కుంకుమబొట్లు పెట్టెను. బియ్యపుపిండితో రెండు గీతలు వేసెను. పిదప చుట్టును తిరిగిపోక, ఆ ద్వారముననే తల కొంచెము వంచి లోపలికి అడుగుపెట్టి, మండువా ఉండినచోట నిలిచి పైకి చూచెను. ఎప్పటివలెనే ఆకాశము కానవచ్చెను. తిరిగి ఆ ద్వారముననే వెలుపలికి వచ్చి, గడపకు మ్రొక్కి, "ఇక తియ్యండి నాయనా" అనెను. మేస్త్రి తలపాగా విప్పి గడపను కండ్లకద్దుకొని, గూటమును చేతికి తీసికొనెను.